ఎన్ని తలగడలని అడిగే మా సార్

నవంబరు, రెండో మంగళవారం. పొద్దున్నే కూర్మన్నపాలెం జంక్షన్‌లో బస్సు దిగేసరికి, స్తంభానికి కట్టిన ఫ్లెక్సీలో మా సార్ నవ్వుతూ కనబడ్డారు. ఆయన ఫ్లెక్సీ వేయించుకునే మనిషి కాదే అని దగ్గరికి వెళ్లి చూశాను. పైన చిన్న అక్షరాల్లో అశ్రునివాళి అని ఉంది. కింద అంతకు మూడింతల అక్షరాల్లో, 'లింఫ్ డిటాక్స్ మసాజ్, గుండెకు బలం, మొదటి సిట్టింగ్ ఉచితం' అని ఉంది. ఆయన పోయారని నాకు తెలిసింది అలాగ. మూడు వారాలుగా పరీక్షల్లో మునిగి అటువైపు వెళ్లలేదు. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది రోత.

ఆ మాట కోసం కాసేపు వెతికాను. కోపం అంటే సరిపోలేదు. అసహ్యం అంటే మరీ మర్యాదగా ఉంది. రోతే సరైన మాట. నోట్లో తుప్పునీళ్లు పోసుకున్నట్టుంది.

ఆయనెవరో మీకు చెప్పాలి. ఆనందపురం దగ్గర రైతుల ఇంట్లో పుట్టి, ఫిజియోథెరపీ చదివి, ఆ తర్వాత ఆస్టియోపతీ అనే చేతి వైద్యం నేర్చుకున్నారు. జంక్షన్ వెనక సందులో ఒక గది, ఒక బల్ల. ఉక్కునగరం నుంచి నడుములు పట్టేసిన కార్మికులు వచ్చేవారు. చుట్టుపక్కల నుంచి బోదకాళ్ల వాళ్లు వచ్చేవారు. ఫిజియోథెరపీ రెండో ఏడు చదువుతున్న నేను సెలవు రోజుల్లో పని నేర్చుకోవడానికి వెళ్లేదాన్ని.

మొదటి రోజే ఒక ముసలాయన కాలి కట్టు విప్పాను. వేళ్ల మధ్య నుంచి వచ్చిన వాసనకి చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను. సార్ ముసలాయన్ని సందు చివరిదాకా దిగబెట్టి వచ్చారు.

"రోత పుట్టడం తప్పు కాదమ్మా," అన్నారు అప్పుడు. "మొహమ్మీదకి రానీకు. ఆడు కాలు సూసుకోడు, నీ మొహమే సూత్తాడు."

మర్నాడు నాచేతే ఆ కాలు సబ్బుతో కడిగించి, ప్రతి వేలి సందూ పొడిగుడ్డతో తుడిపించారు. బస్సులో ఆ ముసలాయన కూర్చుంటే పక్కవాళ్లు లేచి నిలబడతారని తర్వాత తెలిసింది. వాళ్ల మొహాలూ, ఆ రోజు నా మొహమూ ఒకటే. తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఏవగింపు.

పుస్తకంలో లింఫ్‌ని, అంటే కణాల మధ్య నుంచి నాళాల్లోకి చేరే నీటిని, శోషరసం అంటారని చదివి మురిసిపోయి, ఓసారి ఒకావిడ కాలిని మడమ నుంచి పైకి బలంగా తోయడం మొదలుపెట్టాను. సార్ నా చెయ్యి పట్టుకుని ఆపారు.

"ఏటమ్మా, పూరీ పిండి పిసకతన్నావా?"

"పైకి పంపిస్తున్నాను సార్."

"పైన ఖాళీ ఉందో నేదో సూసేవా? పోర్టు బెర్తులో ఓడ కదల్లేదు, నువ్వు బయట ఓడని లోపలికి తోసేత్తన్నావు."

అప్పుడు చూపించారు. రక్తాన్ని తోయడానికి గుండె ఉంది. శోషరసానికి అలాంటిది లేదు. నడిచినప్పుడు కండలు పిండితే, ఊపిరి తీసినప్పుడు రొమ్మూ పొట్టా కదిలితే, దాని నాళాలు కొద్దికొద్దిగా ముడుచుకుంటే, మెల్లగా పైకి పాకుతుంది. మెడ కింద సిరలో కలిసి, చివరికి గుండెకే చేరుతుంది. అందుకని ముందు మెడ దగ్గర, తర్వాత ఊపిరి, ఆ తర్వాత తొడ, అన్నిటికంటే ఆఖర్న పాదం. ఒత్తిడి నిద్రపోయే పిల్లి వీపు నిమిరినంతే. ఒళ్లంతా ఒకే ఇల్లు అనేవారు. అయితే దీంతో గుండెజబ్బు నయమవుతుందని మాత్రం ఒక్కనాడూ అనలేదు. అనేవాళ్ల ప్రస్తావన వస్తే, కూరలో వెంట్రుక తగిలినట్టు ఆయన పెదవి ఒక పక్కకి వంకర తిరిగేది.

రెండు కాళ్లూ వాచి వచ్చినవాళ్లని తొందరపడి బల్ల ఎక్కించేవారు కాదు. మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో నొక్కి గుంట పడుతుందేమో చూసి, "రాత్రి ఎన్ని తలగడలెట్టుకుంటన్నారు?" అని అడిగేవారు. పడుకుంటే ఊపిరాడనివాళ్లు తలగడ మీద తలగడ పెంచుకుంటూ పోతారు. రెండో మూడో అన్నారంటే సార్ చేతులు వెనక్కి కట్టుకునేవారు. అలిసిన గుండె మీదకి కాళ్లలో నీరంతా తోయడం వైద్యం కాదనేవారు. చీటీ రాసి గుండె డాక్టరు దగ్గరికి పంపేవారు. తిట్టుకుంటూ వెళ్లినవాళ్లే ఎక్కువ.

ఫ్లెక్సీ చూసి నేరుగా గదికి వెళ్లాను. సార్ దగ్గర చాలా ఏళ్లు పనిచేసిన అసిస్టెంటు నూనె వెచ్చబెడుతున్నాడు. బల్ల మీద, మార్కెట్లో చేపలమ్మే, మేమంతా అత్త అని పిలిచే ఆవిడ గోడకి ఒరిగి కూర్చుని ఆయాసపడుతోంది. రెండు కాళ్లూ నున్నగా ఉబ్బిపోయి ఉన్నాయి.

"ఎప్పుడు పోయారన్నా?"

"పది రోజులయ్యింది, నిద్దట్లోనే. నీకు పరీచ్చలని సెప్పనేదు సెల్లీ."

"ఆయన బొమ్మ కింద ఆ రాతలేంటి?"

"సార్ పేరుంటేనే జనం వత్తారు. బతకాల కదా. ఆయనా సేత్తోనే కదా సేసేవోరు."

అతని వేళ్ల మీద నూనె మెరుస్తుంటే నాకు ఒళ్లు జలదరించింది. ఇన్నేళ్లూ ఆ గదిలో ఉండి సార్ చేతులు చూశాడు గానీ, వాటిని వెనక్కి కట్టుకున్న రోజుల్ని చూడలేదు.

అత్త కాలి ఎముక మీద వేలు నొక్కాను. పడిన గుంట అలాగే ఉండిపోయింది.

"ఎన్ని తలగడలత్తా?"

"మూడమ్మా. రాత్రయితే కూకునే ఉన్నాను."

"ఇప్పుడే ఆసుపత్రికి పోదాం."

"ఊరికే సేత్తామన్నారు కదమ్మా. సేయించుకుని ఎల్తాను."

"సార్ ఉంటే ఇవాళ నీ కాలు ముట్టుకునేవారు కాదత్తా."

"ఏటి సెల్లీ, వచ్చినోళ్లని తోలేత్తన్నావు," అన్నాడు అసిస్టెంటు.

అత్త అతన్నొకసారి, నన్నొకసారి చూసింది. "ఆ సారు మా ఆయన్నీ ముట్టుకోనేదు," అంది. "సీటీ రాసిచ్చినారు. మేం ఎల్లనేదు. ఆయన దక్కనేదు." బల్ల దిగడానికి నాకేసి చెయ్యి చాచింది.

పెద్దాసుపత్రి గుండె వార్డులో చేర్చుకున్నారు. నీరు ఊపిరితిత్తుల దాకా వచ్చిందట. ఆక్సిజన్ పెట్టినా ఆవిడ బెంగ వేరే. "పొద్దున్న ఐదుకల్లా కూకోపోతే నా సోటు ఎవులో ఒకలు ఆక్రమించేత్తారమ్మా. మా తోటికోడలు ఆరింటిగ్గానీ రాదు."

సాయంత్రం సార్ భార్యని చూసి, ఆవిడతో చెప్పి, ఆ ఫ్లెక్సీ తాళ్లు నేనే కోశాను. గది తాళాలు ఆవిడ వెనక్కి తెప్పించుకుంటానన్నారు. ఫ్లెక్సీ మడతపెడితే సార్ నవ్వూ, ఆ ఉచిత సిట్టింగూ ఒకదానికొకటి అంటుకున్నాయి. చేతులు రెండుసార్లు కడుక్కున్నాను.

రేపు పొద్దున్న ఐదింటికి మార్కెట్ గేటు పక్కన గోనె తడిపి పరుచుకుని అత్త చోట్లో కూర్చోవాలి. ఆరింటికి తోటికోడలు చేపల తట్ట దించుతుంది. ఏడింటికి డాక్టరు వార్డుకి వస్తారు. ఆలోగా నేను అక్కడ ఉండాలంటే, ఆరూ పది బస్సు దొరకాలి.