ఎదుటివాళ్ల పాట ఎత్తుకున్న మాస్టారు

ఇవాళ పొద్దున మా ఆవిడ ఇత్తడి బిందె చింతపండుతో తోముతుంటే, పులుపూ ఇత్తడీ కలిసిన ఆ వాసన వంటింట్లోంచి ముందుగదిలోకి వచ్చింది. నాకు ఆ వాసన అంటే దేవదానం మాస్టారే. విజయనగరంలో పెళ్లిళ్లకూ ఊరేగింపులకూ వాయించే మా బ్యాండుకు ఆయన యజమాని. ముందు నిలబడి కార్నెట్ వాయించేవాడు. నేను ఆయన దగ్గర క్లారినెట్ నేర్చుకుని, పదేళ్లకు పైగా ఆయన వెనకే నడిచాను. ముహూర్తం ఉన్న రోజు పొద్దున్నే అందరం బ్యాండు గదిలో చేరి చింతపండు పులుసుతో బాకాలు మెరిసేదాకా రుద్దేవాళ్లం. చేతులు బాకాల మీద ఉండేవి గానీ, నోళ్లు మాత్రం ఊళ్లోవాళ్ల మీద ఉండేవి. ఎవరి పిల్ల ఎవరితో వెళ్లింది, ఏ బ్యాండువాడు ఎక్కడ శ్రుతి తప్పాడు, అన్నీ అక్కడే తేలేవి.

మాస్టారు అడ్డుపడేవాడు కాదు. లేచి, మూలనున్న చెక్క స్టూలు తెచ్చి మా మధ్యలో వేసేవాడు. "ఆడిని కూడా ఇక్కడ కూకోబెట్టి మాటాడరా. ఇదిగో, కూకున్నాడు. ఇప్పుడు సెప్పు" అనేవాడు. ఖాళీ స్టూలు వంక చూసి చెప్పబోతే, సగం మాటలు గొంతులోనే ఆగిపోయేవి. మిగిలిన సగానికి అందరం నవ్వేవాళ్లం. ఒకసారి డోలు వాయించే సింహాచలం, ఆ స్టూలు వేసినప్పటినుంచి తనకు మాటే తోచడం లేదని, ప్రార్థనలన్నీ చర్చిలో పెట్టుకోమని విసుక్కున్నాడు. మాస్టారు కార్నెట్ గొట్టంలోకి ఊది దుమ్ము రాల్చి, "ఆదివారం పాడిన నోరూ, సోమవారం ఇక్కడ కూకున్న నోరూ ఒకటేరా సింహాచలం. నాకు రెండోది ఇవ్వనేదు దేవుడు" అన్నాడు. ఆయన నోట బోధ లాంటిది నేను విన్నది అదొక్కటే. మాలో సగం మందిమి హిందువులం. మమ్మల్ని ఏనాడూ చర్చికి రమ్మనలేదు. క్రిస్మస్‌కు మాత్రం ఇంటికి రాకపోతే ఊరుకునేవాడు కాదు. వాళ్లావిడ మేరమ్మ గారు చేసిన అరిసెలు తినకుండా వెళ్తే మర్నాడు బ్యాండు గదికే పట్టుకొచ్చేవాడు.

ఆయన్ని మహాత్ముణ్ణి చేసి రాస్తే అబద్ధమవుతుంది. ఆలస్యంగా వస్తే మండిపడేవాడు. కార్నెట్ ఎంత తీయగా వాయించేవాడో, పాట అంత ఘోరంగా పాడేవాడు. మంచి మనిషి, సరదా మనిషి, అంతే. అలాంటి మనిషి మీద ఊళ్లో ఒక తప్పు మాట ఇప్పటికీ తిరుగుతోంది. దాన్ని సరిదిద్దడానికే ఇది రాస్తున్నాను.

మా బ్యాండువాళ్లలో ఒక కట్టుబాటు ఉంది. ఒకే వీధిలో రెండు పెళ్లి ఊరేగింపులు ఎదురుపడితే బ్యాండులు పోటీకి దిగాలి. ఎవరి పాట ముందు తెగితే వాళ్లు పక్కకు తప్పుకోవాలి. ఇక ఎదుటివాళ్ల పాటను మనం ఎత్తుకున్నామంటే, అంతకు మించిన ఓటమి లేదు. ఆ ముహూర్తాల కాలమంతా మనకు తలెత్తుకునే పరిస్థితి ఉండదు. ఒక వైశాఖంలో, పొద్దు వాలుతుండగా, గంటస్తంభం దగ్గర మాకు కన్నయ్య బ్యాండు ఎదురైంది. కన్నయ్య పెద్దవాడు, ట్రంపెట్‌లో పేరున్నవాడు. రెండు వైపులా జనం మూగారు. ఆటోలు ఆగిపోయాయి. ఆ రోజు నా వేళ్లు ఎలా పరిగెత్తాయో నాకే తెలియదు. కళ్లు మూసుకుని వాయిస్తున్నాను, గెలిచేశామనే అనుకున్నాను. ఉన్నట్టుండి మాస్టారు చెయ్యెత్తి మా పాట ఆపేశాడు. ఆపి, కన్నయ్య వాయిస్తున్న పాటనే కార్నెట్ మీద ఎత్తుకుని, మా ఊరేగింపును పక్క సందులోకి మళ్లించాడు. జనం ఈలలు వేశారు. మాస్టారు నవ్వుతూ వాయిస్తూనే ఉన్నాడు.

నాకు తల కొట్టేసినట్టయింది. మర్నాడే బ్యాండు మానేసి కన్నయ్య దగ్గర చేరాను. పోయినవాణ్ణి ఊరుకున్నానా? దేవదానానికి ఊపిరి చాలక భయపడి తప్పుకున్నాడని టీకొట్ల దగ్గర చెప్పాను, ఆయన బుగ్గలు ఎలా వణికాయో చేసి చూపించి నవ్వించాను. అక్కడ స్టూలు తెచ్చి మధ్యలో వేసేవాడు లేడు మరి.

కన్నయ్య బ్యాండులో చేరిన కొత్తలోనే అభ్యాసం మధ్యలో ఒక రోజు ఆయన ట్రంపెట్ చటుక్కున ఆగిపోయింది. కన్నయ్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గోడ వైపు తిరిగాడు. మళ్లీ తిరిగేసరికి నవ్వుతున్నాడు. కట్టుడు పళ్లు జారాయట. "ఆ రోజు గంటస్తంభం కాడ కూడా ఇలగే జారిపోనాయిరా. ఎదురుగా ఉన్న మీ మాస్టారొక్కడే సూసినాడు. నా పాట ఎక్కడ తెగిందో అక్కడే ఎత్తుకున్నాడు, తెగినట్టు ఎవడికీ తెలీనేదు. నీకు సెప్పనేదేటి?" అన్నాడు.

చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. నేను టీకొట్ల దగ్గర వేసిన వేషాలు మాత్రం ఆయన చెవిన పడే ఉంటాయి.

మర్నాడు పొద్దున బ్యాండు గది గుమ్మంలో నిలబడ్డాను. మాస్టారు ఒక్కడే కూర్చుని బాకా తోముతున్నాడు. క్షమించమని ఎలా అడగాలో దారంతా మాటలు కూర్చుకున్నాను. తీరా ఎదురుపడ్డాక, ఎందుకు చెప్పలేదని అడిగాను. ఆయన తల ఎత్తకుండానే అన్నాడు: "సెప్తే ఏటవుద్ది? నా పరువు పోతే నాలుగు నవ్వులు. ఆడి పళ్ల సంగతి బయటపడితే ఆడి కూడే పోద్ది కదరా." చింతపండు ముద్ద నా వైపు తోశాడు. "గుమ్మంలో నిలబడిపోనావేటి? రా, కూకో. మధ్యాన్నం రామతీర్థంలో పెళ్లుంది. ఇంకా నాలుగు బాకాలు తోమాలి." నేను స్టూలు కోసం మూలకు చూశాను. ఆయన గమనించి గట్టిగా నవ్వాడు. "ఒద్దురా, ఇయ్యాల నువ్వే వొచ్చినావు కదా" అన్నాడు.

పోయిన నెల మాస్టారి జ్ఞాపకార్థ కూడికలో ఒకాయన ప్రేమగానే మాట్లాడుతూ, గంటస్తంభం దగ్గర ఊపిరి చాలక ఓడిపోయి కూడా నవ్విన మనిషి అన్నాడు. ఆ 'ఊపిరి చాలక' అన్నది నా మాటే. ఇన్నేళ్లూ నాకంటే బాగా బతికింది. అక్కడికక్కడే లేచి చెప్పాలని నోరు తెరిచి, కన్నయ్య గుర్తొచ్చి ఆగాను. కన్నయ్య కూడా ఇప్పుడు లేడు. వాళ్లబ్బాయి ఇంటికి వెళ్లి, రాయవచ్చా అని అడిగాను. అతను పగలబడి నవ్వి, "రాసీ మావా. మా అయ్య పళ్లు తీసి మరీ ఆ కథ సెప్పీవోడు" అన్నాడు.

ఇప్పుడు నాకు సౌండు బాక్సులు అద్దెకిచ్చే కొట్టు ఉంది. అక్కడ పనివాళ్లు టీ తాగుతూ ఎవరి మీదైనా మొదలుపెడితే, నేనూ అడ్డుపడను. ఖాళీ బాక్సు ఒకటి మధ్యలోకి లాగుతాను. ఇది రాస్తున్నప్పుడు కూడా ఎదురుగా ఒక స్టూలు వేసుకున్నాను. ఎవరొస్తున్నారని మా ఆవిడ అడిగింది. మాస్టారన్నాను. ఆమె తోమిన బిందె వంటింటి గట్టు మీద బోర్లించి, ఆ స్టూలు ముందు ఒక గ్లాసు టీ పెట్టి వెళ్లింది. ఆయన్ని పొగుడుతూ రాసిన రెండు వాక్యాలు, స్టూలు వంక చూశాక, నవ్వొచ్చి కొట్టేశాను. పాట ఘోరంగా పాడేవాడన్నది మాత్రం ఉంచాను.