మంద దిగిన చేను

మా ఆయనకు మాజ్రి బొగ్గుగనిల నౌకరి దొరికినంక, రాజురా దిక్కు ఊళ్లె చేనుకాడ నేనొక్కదాన్నే మిగిలిన. పిల్లలు లేరు. ఆయన ఎప్పుడన్న ఓ ఆదివారం వస్తుండె. "పశువులను ఎవలు చూస్తరు?" అని ఎడ్లను, ఆవును అమ్మేసిండు. పొద్దున లేస్తే ఊడ్చెటందుకు పేడ లేదు, కసురుకుందామన్న ఒక దూడ లేదు. నా గొంతు నాకే కొత్తగ వినొస్తుండె.

దొడ్డి ఖాళీ అయినంక చేనుకు పెంట ఎక్కడిది? ఆ ఏండ్లలనే డీఏపీ, పొటాష్ పిరమైనయ్. యూరియా ఒక్కటే అగ్గువ. ఊరంత అదే చల్లింది, నేను గూడ చల్లిన. మొదటి ఏడు పత్తి నిగనిగ లేసింది, ఆయన చూసి మురిసిండు. తర్వాత తర్వాత చెట్టు పెరుగుడే గని పూత నిలువలే. ఆకులు ముందుగాలనే ఎర్రబడ్డయ్. మా దిక్కు దాన్ని లాల్యా అంటరు. నేల కిరాయి నాగలి దిగనంత బిర్రుగ అయింది.

"ఇంకో సంచి ఎయ్యి," అన్నడాయన, బస్సు అందుకునే తొందరల.

ఆ ఎండకాలం గొర్లమందతోని ఆలుమగలు ఇద్దరు మా బాటన పోతుంటే ఆపిన. చేనుల మంద పెడితే జొన్నలిస్త అన్న. ఆమె మట్టిపెళ్లను మడిమెతోని తొక్కి చూసింది.

"ఏందక్కా, చేను గిట్ల రాయయింది?"

"యూరియా తప్ప ఏం పడలే చెల్లె."

"బువ్వ పెట్టకుండ కల్లు తాపినట్టే గదక్కా!"

రాత్రికో జాగల మంద ఆపుకుంట, గొర్ల పెంటికలు, ఉచ్చ పడేటట్టు చేనంత తిరిగిన్రు. ఆమె నా పొయ్యి మీదనే రొట్టెలు చేసుకునేది. చానొద్దులకు నా తలకు ఇంకొకరు నూనె పెట్టిన్రు. చేనంత అయిపోయినంక, "ఇంకో నాలుగొద్దులుండుండ్రి," అన్న.

"గొర్లకు మేతెక్కడిదక్కా?" అన్నది. నా చెయ్యి పట్టుకొని, ఇడిసిపెట్టి పోయింది.

ఆ వానలకు నాగలి మెత్తగ దిగింది. యూరియా తగ్గించిన. పూత నిలిచింది, ఆకు పచ్చగనే ఉండంగ కాయ పలిగింది. ఆ ఆదివారం ఆయన రాలే, గనిల డ్యూటీ మార్చిన్రట. ఒడినిండ పత్తి ఏరుకొని గట్టు మీద కూసున్న. 'చూసినవా?' అని అడుగుదామంటే పక్కన ఎవ్వలు లేరు.