నలుపు తిరిగొచ్చిన రోజు

మా నాన్న పంజాగుట్టలో ఒక పెద్ద అధికారి బంగళాలో వంటవాడు. పొద్దస్తమానం మసాలాలు రుచి చూసే మనిషి, అమీర్‌పేటలోని మా ఇంటికొచ్చి పాలన్నం పిసుక్కుని తినేవాడు. కడుపులో పుండు. ఇంట్లో ఆయన ఉన్నాడనడానికి గుర్తు గ్లాసులో సోడాఉప్పు కలిపే చెంచా చప్పుడు. ఇన్నేళ్ళయినా ఎవరింట్లోనైనా గ్లాసులో చెంచా తిరిగితే తల తిప్పి చూస్తాను.

పుండు ఎందుకొచ్చిందో ఊరందరికీ తెలుసు, మాకు తప్ప. అమ్మ పోయిన దిగులన్నారు చర్చి పెద్దలు. మాకు పాలు పోసే పక్కింటి ముస్లిం పిన్ని, మేం ఖాలా అనేవాళ్ళం, ఆమె అయితే నాన్న మొహం మీదే తీర్పు చెప్పేసేది.

"మిర్చీ బేటీ, మిర్చీ! దునియాల ఉన్న మిర్చంత మీ నాయిన నాలుక మీదనే ఉంటది."

"తింటె నొప్పి తగ్గుతది, ఆకలైతెనే నొస్తది. మిర్చేం జేసింది పాపం?" అని నాన్న మిర్చి తరఫున వాదించేవాడు.

పొయ్యి దగ్గర నిలబడీ నిలబడీ మోకాళ్ళు నొస్తే ఆయన మింగే తెల్ల బిళ్ళల మీద మాత్రం ఎవరి కన్నూ పడలేదు. తలనొప్పికి వేసుకునే బిళ్ళలే అవి. డాక్టరూ అడగలేదు, మేమూ చెప్పలేదు.

డాక్టరుగారు ఖైరతాబాద్‌లో ఉండేవారు, కోస్తా నుంచి వచ్చిన మనిషి. గంటగంటకీ పాలు తాగమన్నారు. బెల్లడోనా చుక్కలిచ్చారు. వాటితో నోరు పిడచకట్టుకుపోయి, ఉప్పు తెలియక నాన్న బంగళాలో చీవాట్లు తిన్నాడు. వాటితోపాటు తెల్ల పొడి పొట్లాలు.

"ఇందులో బిస్మత్ ఉంటుందండీ. దొడ్డికి నల్లగా వస్తుంది. కంగారు పడకండి, అది మందు రంగే" అన్నారు.

అలాగే వచ్చింది. నొప్పీ తగ్గింది. దాంతో నాన్నకి నలుపంటే మందు పనిచేస్తోందన్న నమ్మకం కుదిరింది. నేను బడికి వెళ్ళి పాఠాలు చెప్పాలని హడావుడిగా జడ వేసుకుంటుంటే పెరటి గుమ్మంలోంచి కబురు చెప్పేవాడు.

"నల్లగనే ఉన్నది బిడ్డా!"

"గా ముచ్చట చెప్పకుంటె నీకు తెల్లారదా నాయినా?" అని విసుక్కునేదాన్ని. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం.

తరవాత రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. "బిస్మత్ వస్తలేదమ్మా. సాబ్ వేరే పొడి రాసిండు, గిది సుత మంచిదే" అని కాంపౌండరు పొట్లాలు చేతిలో పెట్టాడు. అదీ తెల్లగానే ఉంది. అది వాడటం మొదలెట్టాక కొన్నాళ్ళకి నలుపు పోయింది, నొప్పి తిరగబెట్టింది. "గీ మందు పడతలేదు బిడ్డా" అని నాన్న డీలా పడిపోయాడు.

ఒకరోజు పొద్దున్నే పెరట్లోంచి వెలిగిపోతున్న మొహంతో వచ్చాడు.

"మళ్ళ నలుపొచ్చింది బిడ్డా! మందు పట్టింది!"

అక్కడే, తడి గచ్చు మీద ఇద్దరం మోకరించి దేవునికి కృతజ్ఞతలు చెప్పుకున్నాం. నాకైతే ఏడుపొచ్చేసింది, సంతోషంతో.

ఆ ఆదివారం ఆరాధనలో నాన్న సాక్ష్యం చెప్పడానికి లేచాడు. ముందు బెంచీ పట్టుకుని నిలబడ్డాడు. "దేవుడు నన్ను బాగుచేసిండు" అన్నాడు. అందరూ స్తోత్రం అన్నారు. ఆయన పెదవులు సున్నం కొట్టినట్టు ఉన్నాయి. పాలు తాగి తాగి రంగు తేలాడని నా పక్కనున్నామె మెచ్చుకుంది.

ఇంటికొచ్చాక గుమ్మంలో కూలబడ్డాడు. ఖాలా కొడుకు పరుగున వెళ్ళి డాక్టరుగారిని తీసుకొచ్చాడు. ఆయన నాన్న కనురెప్ప కిందికి లాగి చూసి, నన్ను పక్కకి పిలిచి, దొడ్డికి ఎలా వస్తోందని అడిగారు.

"నల్లగానే వస్తోంది డాక్టరుగారూ" అన్నాను, శుభవార్త చెప్పినట్టు.

"ఏంటమ్మా నువ్వనేది? ఈ పొడిలో నలుపు చేసేదేమీ లేదు. అది కడుపులో కారిన రక్తం."

ఇప్పటి డాక్టర్లు పుండుకి కారణం ఏదో క్రిమి అంటున్నారు. నాన్న మింగినటువంటి నొప్పి బిళ్ళలూ కడుపును తొలిచేస్తాయట. క్రిమికైతే కొద్దిరోజులు మాత్రలు వాడితే చాలట. దిగులూ కాదు, మిర్చీ కాదు. వింటే ఒళ్ళు మండుతుంది, ఎవరి మీదో తెలియదు. అన్నిటికన్నా నన్ను వదలనిది పెరటి గుమ్మంలో ఆ వెలిగిన మొహం. అద్దం ముందు జడ వేసుకుంటే ఇప్పటికీ వెనక నిలబడి ఏదో చెప్పబోతున్నట్టే ఉంటుంది.

ఆ రోజు డాక్టరుగారు సూది వేసి వెళ్ళాక నాన్న కళ్ళు తెరిచాడు.

"నల్లగున్నదని చెప్పినవా బిడ్డా?"

"చెప్పిన నాయినా."

"ఖుష్ అయిండా?"

"అయిండు" అన్నాను. నాన్న తృప్తిగా కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ తెరవలేదు.