పక్కింటి మొక్కకు పోసిన నీళ్ళు

ఏడెనిమిదేళ్ళుగా ఒక మాట నా గొంతుకు అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. ఈలోపు పెళ్ళిళ్ళకు వెళ్ళాను, పేరంటాలకు వెళ్ళాను, పదిమందిలో కూర్చుని అందరికంటే గట్టిగా నవ్వాను. అది మాత్రం ఎక్కడికీ పోలేదు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియక్కర్లేదు. మాచర్లలో, బండలు పాలిష్ పట్టే మిషన్ల రొద వినపడే ఒక వీధిలో ఉంటాను. అంతవరకు చాలు. తెలిసినవాళ్ళకు చెబితే ముందు నా ముఖం వంక చూస్తారు. మీరు చూడలేరు. అందుకే మీకు చెబుతున్నాను.

చెప్పాల్సింది చిన్న మాటే. పక్కింటి ఆమె పూలమొక్కను నేను నీళ్ళు పోసి చంపాను.

నవ్వొచ్చిందా? మొక్కే కదా, మనిషిని కాదు కదా అనిపించిందా? నేనూ అదే అనుకున్నాను. ఇక్కడి ఎండలకు ఏటా ఎన్ని మొక్కలు మాడిపోవు, వాటిలో అదొకటి అనుకున్నాను. ఎంత సర్దిచెప్పుకున్నా మనసు వినలేదు. వినుంటే ఈ పూట పొయ్యి మీద పప్పు పెట్టి, మధ్యలో రెండుసార్లు లేచి, మళ్ళీ వచ్చి ఇది రాస్తూ కూర్చునేదాన్ని కాదు.

మొక్క సంగతి చెప్పాలంటే ముందు చెయ్యి సంగతి చెప్పాలి. కొందరి చెయ్యి మంచిదంటారు మావైపు. వాళ్ళు గింజ పెడితే మొలుస్తుంది, కొమ్మ గుచ్చితే చిగురేస్తుంది. మిరపనారు పోసే రోజున అలాంటివాళ్ళను పిలిచి, నారుమడిలో తొలి గుప్పెడు గింజలు వాళ్ళ చేత చల్లిస్తారు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో, ఎదురింటి నాగేంద్రమ్మ పిన్ని ఊరికే కూర్చున్నావు కదా అని నా చేత నాలుగు చిక్కుడు గింజలు పెట్టించింది. ఆ ఏడు ఆ తీగ వాళ్ళ గొడ్ల చావిడి రేకుల మీదంతా పాకి, వీధి వీధంతా కూరకు సరిపోయేంత కాసింది. అంతే, నా చెయ్యి మంచిదని పేరు పడిపోయింది. పిన్ని వాళ్ళకు మిరప తోటలున్నాయి. ఏటా నారు పోసే ముందు నాకు కబురొచ్చేది. వెళ్ళేదాన్ని. తొలి గింజలు చల్లేదాన్ని. తాంబూలంలో జాకెట్ ముక్క పెట్టి ఇచ్చేవాళ్ళు. పదో తరగతి తప్పిన దాన్ని, పెద్ద అందగత్తెను కాను, మా ఆయన పాలిష్ మిషన్ మీద పనిచేసే మనిషి. నాకంటూ ఉన్నది ఆ ఒక్క పేరే. ఇది జాలి కోసం చెప్పడం లేదు. ఎందుకు చేశానో మీకు అర్థం కావాలని చెబుతున్నాను. లేదు, జాలి కోసం కూడా కాస్త చెబుతున్నానేమో.

కోటేశ్వరి మా పక్కింట్లో అద్దెకు దిగింది. ఆమె భర్త లారీ డ్రైవరు. తమిళనాడు వైపు బండలు దించి వచ్చేటప్పుడు ఒకసారి క్యాబిన్లో పెట్టుకుని ఒక మొక్క తెచ్చాడు. ఎడారి గులాబీ అట. మొదలు దుంపలా లావుగా ఉబ్బి, పైన నాలుగు పొట్టి కొమ్మలు. చూసి నేను నవ్వాను కూడా. ఇదేం మొక్క, కందగడ్డకు చేతులొచ్చినట్టుంది అన్నాను. కోటేశ్వరి కూడా నవ్వింది. తర్వాత ఇసుకలో ఇటుక ముక్కలు కలిపి కుండీలో పెట్టింది. ఆకుల మీద బండల పొడి పడితే తడిగుడ్డతో తుడిచేది. రోహిణీ కార్తె ఎండలో నేను సాగర్ రోడ్డు బండి మీద కొన్న గులాబీలు పుల్లలైపోయి నిలబడితే, ఈ దుంప మాత్రం చెట్టు నిండా ఎర్రగా పూసింది. దారినపోయేవాళ్ళు ఆగి ఫోన్లో ఫోటోలు తీసుకున్నారు. ఆమె ఇంటి ముందు ఆగినవాళ్ళు తల తిప్పితే నా పుల్లలు కనపడేవి.

కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను. ఇంకే పేరూ పెట్టను దానికి.

ఆ ఏడు నాగేంద్రమ్మ పిన్ని నారు పోయడానికి కోటేశ్వరిని పిలిచింది. నాకు మాట మాత్రం కూడా చెప్పలేదు. ఆమె తాంబూలం పట్టుకుని నవ్వుతూ ఇంటికి వస్తుంటే చూసి తెలుసుకున్నాను. కోటేశ్వరి తిన్నగా మా ఇంటికే వచ్చి, నన్ను పిలవలేదని తెలియక, నువ్వు రాలేదేమక్కా అని అడిగింది. నడుము నొప్పి అన్నాను. వేడినీళ్ళ కాపడం పెడతానంది. ఆమెలో ఒక్క చెడ్డ గుణమైనా కనిపిస్తే బాగుండునని అప్పట్లో ఎంత వెతికానో.

మరుసటేడు ఆషాఢంలో, విజయపురి సౌత్‌లో ఉండే కోటేశ్వరి వాళ్ళమ్మ జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషనన్నారు. కోటేశ్వరి భర్త లారీ మీద ఉన్నాడు, కూతురు శ్రీవల్లి నరసరావుపేటలో ఇంటర్ హాస్టల్లో ఉంది. బయల్దేరే ముందు ఆ కుండీ రెండు చేతులా మోసుకొచ్చి మా వరండాలో పెట్టింది. అంతకు కొద్దిరోజుల ముందే దానికి మట్టి మార్చింది. మట్టి పూర్తిగా ఎండేదాకా చుక్క కూడా పోయవద్దనీ, నీళ్ళు ఎక్కువైతే దుంప కుళ్ళిపోతుందనీ ఒకటికి రెండుసార్లు చెప్పింది. నాకు తెలియదా అన్నాను.

తెలుసు. అందుకే దీన్ని పొరపాటు అనలేకపోతున్నాను.

మొదటి రోజు నీళ్ళు పోసినప్పుడు నా మనసులో ఏముంది? ఎన్నోసార్లు ఆ పూటకు వెనక్కి వెళ్ళి వెతికాను. ఆకులు వాడినట్టు కనిపించాయనీ, అలవాటుగా చెంబు వంచేశాననీ ఒకప్పుడు అనుకునేదాన్ని. అది నిజమే కావచ్చు. రెండోరోజుది? ఆ తర్వాతది? ఎక్కడ నుంచి అది పాపమైంది? ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. మబ్బు పట్టేది, ఉక్కపోసేది, చినుకు రాలేది కాదు. కుళాయి రోజు విడిచి రోజు వచ్చేది, అదీ సన్నటి ధార. ఆ నీళ్ళలోంచి తీసి పోశాను. వరండా మురికవుతోందని కుండీ కింద ఒక పళ్ళెం పెట్టాను. చూసేవాళ్ళకు అది శుభ్రం. కారిన నీళ్ళు బయటికి పోకుండా అడుగునే నిలిచాయి. పళ్ళెం ఎందుకు పెట్టానో నా చేతులకు తెలుసు. అప్పటికి అలవాటూ లేదు, పొరపాటూ లేదు.

నాగేంద్రమ్మ పిన్ని అది చూసి మెచ్చుకుంది. మనకే నీళ్ళకు కటకటగా ఉంటే పక్కింటి మొక్కకు పోస్తున్నావు, నీలాంటి మనసు ఎవరికుంటుంది అంది. నేను తల దించుకున్నాను. సిగ్గుపడ్డాననుకుంది.

ఆ మొక్క అంత తొందరగా లొంగలేదు. లోపల మెత్తబడుతూనే పైన మొగ్గ తొడిగింది. ఆ మొగ్గలు చూసి కాసేపు సంతోషించాను, చావలేదులే అని. మళ్ళీ వెళ్ళి నీళ్ళు పోశాను. ఈ రెండూ ఒకే మనిషి ఎలా చేసిందని నన్ను అడగకండి. నాకు తెలియదు.

కోటేశ్వరి తిరిగొచ్చేసరికి ఆకులు పసుపురంగుకు తిరిగి రాలిపోయాయి. అప్పటికి పళ్ళెం తీసి లోపల పెట్టేశాను. ఆమె సంచీ కూడా దించకుండా కుండీ దగ్గర కూర్చుని దుంపను వేలితో నొక్కింది. వేలు లోపలికి దిగింది. కుళ్ళు వాసన వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిడితే నేనూ తిట్టేదాన్ని, గొడవై ఉండేది, ఇద్దరం ముఖాలు చూసుకోవడం మానేసేవాళ్ళం. అది ఎంత సుఖంగా ఉండేది!

"అక్కా, నీళ్ళేమన్నా ఎక్కువ పోశావా?" అంది. అడిగిన తీరులో అనుమానం లేదు. ఏం జరిగిందో తెలుసుకోవాలని, అంతే.

"నేనెందుకు పోస్తానే. నువ్వు చెప్పినట్టే చేశా," అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. ఆగలేదు. "నువ్వే, పొయ్యేముందు మట్టి మార్చావు కదా. అప్పుడు నీ చేతుల్లో ఏరు తెగుంటది. నీ చేతిలోనే ఏదో తేడా జరిగింది."

కోటేశ్వరి తన చేతుల వంక చూసుకుంది. "అయ్యుంటది," అంది.

నిజం చెబుతున్నాను, నన్ను ఇన్నేళ్ళూ కుదురుగా కూర్చోనివ్వనిది కుళ్ళిన దుంప కాదు. ఆ ఒక్క మాట. ఆమె నమ్మేసింది. నమ్మి, నన్ను ఓదార్చింది కూడా, నువ్వు బాధపడమాకక్కా అని.

తర్వాతి పని నేను పెద్దగా చేయక్కర్లేకపోయింది. కుళాయి దగ్గర పిన్ని అడిగితే, పాపం మట్టి మార్చింది పిన్నీ, దాని చేతిలో ఏదో మారినట్టుంది అని ఊరుకున్నాను. మా వీధిలో మాట వేస్తే చాలు, అదే నడుచుకుంటూ పోతుంది. ఆ ఏడు నారు పోయడానికి కబురు మళ్ళీ నాకు వచ్చింది. వెళ్ళాను. గింజలు చల్లాను. నారు ఒత్తుగా మొలిచింది. మొదట్లో సంతోషపడ్డాను. ఇది దాచి మిగతాదంతా రాస్తే ఇదీ ఇంకో అబద్ధమే అవుతుంది. చాలా సంతోషపడ్డాను. ఇంటికి వచ్చి ఆ జాకెట్ ముక్క మా ఆయనకు రెండుసార్లు చూపించాను.

కోటేశ్వరి మళ్ళీ మొక్క పెట్టలేదు. వాళ్ళాయన ఇంకోటి తెస్తానంటే వద్దంది. ఆ ఇల్లు కొనుక్కున్నాక ముందున్న మట్టి నేల కనపడకుండా బండలు పరిపించింది. తులసి కోటలో మొక్క మార్చాల్సి వచ్చినా గోడ మీంచి నన్ను పిలిచేది. నేను వెళ్ళి పెట్టేదాన్ని. ఆమె కాస్త దూరంగా నిలబడి చూసేది. ఆవకాయ కలిపే రోజున కూడా కారం, ఉప్పు అన్నీ కొలిచి పెట్టి, తొలి చెయ్యి నన్ను వేయమనేది. మొదటిసారి అలా పిలిచినప్పుడు గర్వంగా ఉంది. రెండోసారి ఇబ్బందిగా ఉంది. ఆ తర్వాత ఆమె గొంతు గోడ అవతల వినిపిస్తే చాలు, చేతిలో పని వదిలేసి పెరట్లోకి వెళ్ళిపోయేదాన్ని. ఒకసారి చెప్పేద్దామని నోటిదాకా తెచ్చుకున్నాను. వాళ్ళమ్మ చనిపోయిన నెల అది. ఇప్పుడెందుకులే అనుకున్నాను. ఇప్పుడెందుకులే అనుకోవడానికి ఏ నెలకు ఆ నెల ఏదో ఒకటి దొరుకుతూనే ఉంటుంది.

ఇక ఇప్పటి సంగతి. శ్రీవల్లిని ఎడ్లపాడు ఇచ్చారు. పిల్ల పురిటికి పుట్టింటికి వచ్చింది. నెలలు నిండాయి, రేపో మాపో అన్నట్టుంది. మొన్న కోటేశ్వరి మా ఇంటికి వచ్చి, పాత నూలు చీరలు ఉంటే బిడ్డ పొత్తిగుడ్డలకు కావాలంది. ఇచ్చాను. వాటిని మడతపెట్టుకుంటూ అంది.

"ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చినాక, బిడ్డకు తొలిసారి నువ్వే నీళ్ళు పొయ్యాలక్కా."

"అదేందే. అమ్మమ్మవి నువ్వుండగా నేనేంది?"

"నా చెయ్యి మంచిది కాదుగా. తెలిసి తెలిసీ పసిబిడ్డ మీద ఎందుకు," అంది.

గ్యాస్ అయిపోయింది అన్నంత మామూలుగా అంది. ఏడుపు లేదు, నిష్ఠూరం లేదు. ఎప్పుడో తేలిపోయిన విషయం చెప్పినట్టు చెప్పింది. వెనకాలే వచ్చిన శ్రీవల్లి మాత్రం ఊరుకోలేదు. నువ్వే పొయ్యాలమ్మా, నాకు నువ్వే కావాలని గొడవ పెట్టుకుంది, కళ్ళనీళ్ళు కూడా పెట్టుకుంది. కోటేశ్వరి పిల్ల తల నిమరబోయి, ఎందుకో చెయ్యి వెనక్కి తీసుకుంది. తర్వాత ఇద్దరూ నా వైపు చూశారు.

నేను సరే అన్నాను.

విన్నారా? అప్పుడు కూడా సరే అన్నాను. నోరు తెరిస్తే అయిపోయేది. తన సొంత మనవణ్ణో మనవరాలినో ముట్టుకోవడానికి ఒక అమ్మమ్మ భయపడుతుంటే, ఆ భయం పెట్టింది నేనని తెలిసీ, తల ఊపాను. వాళ్ళు వెళ్ళిపోయాక కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను. అప్పటి నుంచీ ఇంట్లో ఒకచోట నిలవలేకపోతున్నాను. మా ఆయన ఏమైందని అడిగాడు. ఉక్క అన్నాను.

నిన్న పొద్దున వాళ్ళ ఇంటికి వెళ్ళాను, చెప్పేద్దామనే. కోటేశ్వరి నేను ఇచ్చిన చీరలు చించి, ముక్కలు ఉతికి దండెం మీద ఆరేస్తోంది. ఏందక్కా ఇంత పొద్దున్నే వచ్చావంది. పెరుగు తోడుకు మజ్జిగ చుక్క ఉందా అన్నాను. గిన్నెలో పోసి ఇచ్చింది. తీసుకుని వచ్చేశాను. మా ఇంట్లో అప్పటికే పెరుగు తోడుకుని ఉంది.

దేనికి భయపడుతున్నాను? ఆమె కోప్పడుతుందనా? కోటేశ్వరి ఎంతసేపు కోప్పడగలదో నాకు తెలుసు. వీధిలో పరువు పోతుందనా? కొంత. కానీ గట్టిగా గోకి చూసుకుంటే అడుగున వేరే ఉంది. చెప్పిన రోజు నుంచి నన్నెవరూ నారు పోయడానికి పిలవరు. ఇంత జరిగాక కూడా ఆ పేరు నాకే కావాలి. దాన్ని వదలడం నాకు ఇష్టం లేదు. ఇది రాయడానికి ఈ కాగితాల్లో అన్నిటికంటే ఎక్కువసేపు పట్టింది.

బిడ్డ పుట్టేలోపు చెబుతానని మీకు మాటిస్తే బాగుండేది. ఇవ్వను. నా మాట ఎంత నిలుస్తుందో మీకంటే నాకు బాగా తెలుసు. మీరు నన్ను క్షమించాలనీ అడగను. ఆ మొక్క మీది కాదు, ఆ చేతులు మీవి కావు.

ఒక్కటి మాత్రం, ఇంతవరకు ఎవరి దగ్గరా, ఒంటరిగా ఉన్నప్పుడు కూడా పైకి అనని మాట, ఇక్కడ అంటాను. కోటేశ్వరి చెయ్యి మంచిది. ఎప్పుడూ మంచిదే. చెడ్డదని ఆమెను నమ్మించింది నేను.