మోయాబు పై అంతస్తులో

ఉదయం ఆరింటికి ప్రభుదాసు గారు బాల్కనీలోకి వచ్చేసరికి, ఆరిన బనీను మీద పై అంతస్తు నుంచి నీళ్లు కారుతున్నాయి. ఆయన పైకి చూసి తిట్టలేదు. లోపలికెళ్లి రిజిస్టరు తీశారు. ఇరుగుపొరుగు మీద దైవతీర్పులు రాయడం ఆయనకున్న ఒకే ఒక్క జబ్బు.

ముప్పై మూడేళ్లు కేంద్ర ప్రభుత్వంలో ఫైళ్లు నడిపి, దేశ రాజధానిలోని లక్ష్మీ నగర్‌లో స్థిరపడ్డ మనిషి. ప్రవక్తలు చుట్టుపక్కల రాజ్యాలను వరసపెట్టి శపించిన అధ్యాయాలు తప్ప బైబిల్లో మరేదీ ఆయనకు రుచించదు. ఆ శాపగ్రస్త రాజ్యాల పేర్లే ఇరుగుపొరుగుకి పెట్టుకున్నారు. దారికడ్డంగా స్కూటరు పెట్టే ఎదురింటాయన ఎదోము. కింద కోచింగ్ సెంటరు తూరు పట్టణం, అంత వ్యాపార గర్వం. పైన అద్దెకుండే సివిల్స్ పిల్ల భవ్యశ్రీ మోయాబు.

"మోయాబు మళ్లీ బట్టలు పిండకుండా ఆరేసింది," అన్నారు కలం మూత తీస్తూ.

"పొరుగు దేశాలన్నీ అయ్యాక ప్రవక్త చివరికి సొంతింటినే శపించాడుగా," అంది భార్య సువార్తమ్మ. "ఆ పేజీ మీ పుస్తకంలో చిరిగిపోయిందా?"

నీళ్ల మోటారు కట్టేయడం చేతగాని మనిషి తూరు పట్టణాన్ని సముద్రంలో ముంచుతాడట అని ఆమె చర్చి అంతా చాటింది.

ఆ ఆదివారం బిల్డింగు సెక్రటరీ జనార్దనరావు ఒక కాగితంతో వచ్చాడు.

"పై అమ్మాయిని శనివారంలోగా ఖాళీ చేయిద్దాం అంకుల్. ఈ నీళ్ల గొడవ మీద అందరూ సంతకం పెట్టారు. మీ రిజిస్టరు జతచేస్తే ఓనరు నోరెత్తడు."

సువార్తమ్మ చేతిలో టీ గ్లాసు ఆగిపోయింది. ఆ పిల్ల పరీక్షకి ఇంకా పన్నెండు రోజులే. ఈయన రాతలు ఇన్నాళ్లకి పనికొచ్చేలా ఉన్నాయి.

"ఇవ్వను," అన్నారు ప్రభుదాసు.

"అదేంటంకుల్, రోజూ శపించేది మీరేగా."

"శపించిన ప్రవక్తే మోయాబు కోసం ఏడ్చాడయ్యా. నువ్వు తిట్ల దగ్గరే పుస్తకం మూసినట్టున్నావు. పైగా ఫైలు నా దగ్గర పెండింగు."

"ఎప్పటిదాకా?"

"అది పైవాళ్లు చెప్పాలి."

"ఠీక్ హై," అని గొణుక్కుంటూ జనార్దనరావు మెట్లు దిగాడు. రుజువు లేని ఆ కాగితాన్ని ఓనరు పట్టించుకోలేదు.

సువార్తమ్మ మొదటిసారి ఆ రిజిస్టరు తెరిచింది. ఎదోము పేజీలో, "ఇతని భార్య ఆసుపత్రి నుంచి వచ్చేదాకా ఆగవలెను." మోయాబు మీద నలభై ఒక్క తీర్పులు. ప్రతిదాని పక్కనా ఎర్ర సిరాతో ఒకటే మాట, "పరీక్ష అయ్యేవరకు అమలు వాయిదా."

మర్నాడు ఆరింటికి బనీను మళ్లీ తడిసింది. సువార్తమ్మ ఎర్ర కలం తెచ్చి పక్కన పెట్టింది. ఆయన నలభై రెండు అని అంకె వేశారు.