దిగని ముందు చక్రం

సముద్రపొడ్డున మా జాలర్ల ఊరు డొంకూరులో తెప్ప ఒడ్డుకు చేరేటప్పుడు ముక్కు ఇసకలో గుచ్చుకోకుండా అందరూ వెనక్కి జరుగుతారు. అండమాన్‌లో చేపల వేటకెళ్లి జబ్బుపడిన మా బావను విమానంలో చెన్నైకి తెస్తున్నాను. ముందు చక్రం దిగడం లేదని మైకులో చెప్పారు. బావ బెల్టు విప్పేసి లేచాడు.

"అందరూ ఎనక్కి రండి, ముక్కు లెగుత్తాది!"

ఎయిర్‌హోస్టెస్ కసిరి కూర్చోబెట్టి, బెల్టు బిగించింది. నాకు ఒళ్లు మండింది.

విమానం రన్‌వే మీద దిగి, ముక్కు నేలకు రాసుకుంటూ ఆగింది. ప్రాణాలు దక్కాయి. రబ్బరు సీలు అరిగి, చక్రాన్ని దించే నూనె కారిపోయిందని తర్వాత చెప్పారు. బావకు అదేం పట్టలేదు. తన చేతులు చూసుకుంటూ అన్నాడు:

"సముద్రంలో అయితే ఏదో ఒకటి సేసి సత్తాం. ఈళ్లు కట్టేసి కూకోబెట్టినారు."