ఎదురుచూడని సెట్‌క్యూ

మా మందిరానికి కొత్త బల్ల చేయించాలని సంఘమంతా అనుకున్నప్పుడు మా మామ ఒక్కదానికే పట్టుబట్టాడు. అతుకు ఉండకూడదు. ఆదివారం ప్రభు భోజనపు రొట్టె, ద్రాక్షారసం పాత్ర పెట్టే బల్ల ఒకే రాయిగా ఉండాలి. ఆయన మా అమ్మకు అన్న, సంఘానికి పెద్ద. ఎవరూ ఎదురు చెప్పలేదు. కడప బండల్లో అంత పొడవు రాయి పగులు లేకుండా దొరకడం కష్టం. ఎన్నో క్వారీలు తిరిగాక ఒకటి దొరికింది. నేను పనిచేసే పాలిష్ ఫ్యాక్టరీకే దాన్ని కోతకు తెచ్చారు.

రెండువేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లవి. కోతకు కావలసిన కొలతల కాగితాలు కంప్యూటర్ మీద గీయడం నా పని. ఆ బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ లోపల లిస్ప్ అనే భాష ఉండేది. అందులో చిన్న ప్రోగ్రాం రాసుకున్నాను. పొడవు, వెడల్పు చెబితే చాలు, కోత గీతలూ బల్ల కాళ్లు కూర్చునే గుంటల గుర్తులూ అదే గీసిపెట్టేది.

ఈ రాయి మాత్రం మిషన్ మీద అడ్డంగా పడింది. తిప్పబోతే విరుగుతుందేమోనని భయం. రాయిని తిప్పలేం కాబట్టి బొమ్మనే తిప్పాలి. అందుకు ప్రోగ్రాంలో ఒక వరస కొత్తగా చేర్చాను. లిస్ప్‌లో ఒక పేరుకు విలువ ఇవ్వాలంటే సెట్‌క్యూ అని రాస్తారు. ఒకే బ్రాకెట్లో రెండు మూడు పేర్లకు కూడా ఇవ్వవచ్చు. పొడవుకు వెడల్పు విలువ, వెడల్పుకు పొడవు విలువ అని ఒకే బ్రాకెట్లో రాసి, కాగితం తీసి పంపేశాను.

కాసేపటికి కోత మిషన్ దగ్గర నుంచి మామ కేక వినబడింది. "ఆపండప్పా! ఆపండి!"

పరుగెత్తాను. బ్లేడు ఇంకా దిగలేదు. నా కాగితం చూసి రాయి మీద గీసిన సుద్దగీతలు పొడవూ వెడల్పూ ఒకటే అయి నలుచదరంగా ఉన్నాయి.

మా యజమాని శెట్టిగారబ్బాయి చూసి నవ్వాడు. "ఇది బల్లనా, క్యారమ్ బోర్డా పెద్దాయనా? ప్రార్థన అయినాంక పిల్లోళ్లు ఆడుకోవచ్చులే."

మామ నవ్వలేదు. నావైపు తిరిగి "యాడ తప్పు పోయిందిరా?" అన్నాడు.

"తెలీదు మామా."

"ఆ ప్రోగ్రాము పక్కన పెట్టప్పా, చేత్తో గీసియ్యి" అన్నాడు యజమాని.

"గుంటల గుర్తులు గూడా దాంట్లో నుంచి వచ్చినవే గదా. ఒక తప్పు కండ్లబడింది. పడనివి ఎన్నుండాయో! ఎందుకు తప్పిందో తెలిసిందాంక నా రాయి మింద బ్లేడు పెట్టొద్దు. ఇట్లాంటి రాయి ఇంగొకటి యాడుండాది?" అన్నాడు మామ.

ఆఫీసుకొచ్చి పుస్తకం తెరిచాను. ఒకే బ్రాకెట్లో ఎన్ని పేర్లకైనా విలువలు ఇవ్వవచ్చు అని ఉంది. అన్నీ ఒకేసారి మారతాయా, ఒకదాని తర్వాత ఒకటా అన్నది లేదు. చిన్న అంకెలతో చూద్దామని ఒక పేరుకు ఒకటి, ఇంకో పేరుకు రెండు ఇచ్చి, అదే బ్రాకెట్‌తో తారుమారు చేశాను. రెండు పేర్లలోనూ రెండే వచ్చింది.

అప్పుడు అర్థమైంది. మొదటి పేరు మారిపోయిన తర్వాతే రెండోదాని వంతు వస్తోంది. వెడల్పు వెళ్లి పొడవును అడిగేసరికి అక్కడ పాత పొడవు లేదు.

రెండూ కలిసి మారతాయని నేనెందుకు అనుకున్నానో అక్కడే కూర్చుని ఆలోచించాను. మా సంఘంలో రొట్టె ముక్క చేతికి రాగానే నోట్లో వేసుకోము. చివరి వరసకు అందేదాకా పట్టుకుని కూర్చుంటాము. పెద్ద చెప్పాక అందరం ఒకేసారి తింటాము. పసితనం నుంచి అదే చూశాను. ఒక బ్రాకెట్ అంటే నాకు అలాంటి కూడికే అనిపించి ఉంటుంది. సెట్‌క్యూ ఎవరి కోసమూ ఆగలేదు. అందింది అందినట్టే తినేసింది.

బయటికొచ్చి ఇదే మాట మామకూ శెట్టిగారబ్బాయికీ చెప్పాను. కంప్యూటర్ కోర్సు చేసిన మా యజమానికి వెంటనే ఉపాయం తట్టింది. "వరసగా పోతాదని తెలిసిపోయె గదా. పాత పొడవును మూడో పేరులో దాచి, అంతా ఒకే బ్రాకెట్లో రాసెయ్."

"ఒకే బ్రాకెట్లో వరసగా పోతుందని పుస్తకంలో లేదన్నా. విడి బ్రాకెట్లయితే పై నుంచి కిందికి ఒక్కొక్కటే నడుస్తాయని ఉంది. రేపు కొత్త వెర్షన్‌లో మారితే?"

మూడు బ్రాకెట్లు విడివిడిగా, ఒకదాని కింద ఒకటి రాశాను.

"మీకు రాసిందుంటేనే నమ్మకం" అని ఆయన మామను మాటతో గిల్లాడు. "సరే పెద్దాయనా, రొట్టె చేతిలో పట్టుకొని కూర్చోమని మీ గ్రంథంలో రాసుండాదా?"

మామ వచనం చూపిస్తాడనుకున్నాను.

"ఒకరికోసం ఒకరు కాసుకోనుండమని ఉండాది. చేతిలో పట్టుకోమని యాడా లేదు. మా నాయన కాలం నుంచి అట్లే చేస్తాండాం."

"మరి మీరు గూడా పుస్తకంలో లేనిదే చేస్తాండారే!"

"చేస్తాండాం" అన్నాడు మామ. అని, కొత్త కాగితం చేతికి తీసుకుని, గీతలన్నీ వేలితో తడిమి చూసి, రాయి కోయమన్నాడు.

బల్ల అతుకు లేకుండా వచ్చింది. దాని ముందు కూర్చున్న మొదటి ఆదివారం నేను ముందు వరసలో ఉన్నాను. రొట్టె నాకు తొందరగానే అందింది. వెనక వరసలో చేతులు వణికే ఒక ముసలమ్మ ముక్క తుంచుకోలేక అవస్థ పడుతోంది. పక్కామె తుంచివ్వబోతే వద్దంది. నా చేతి చెమటకు రొట్టె మెత్తబడింది. వెనక్కి చూశాను. ఎవరి చేయీ నోటి దగ్గరికి పోలేదు.

ఆమె తుంచుకున్నాక, బల్ల దగ్గర తల వంచుకుని ఉన్న మామ తినమని చెప్పడానికి తల ఎత్తాడు.